ఎవరూ ఎత్తలేని రిజిస్టరు

రండి, దగ్గరగా జరిగి కూర్చోండి. వెనకాల నిలబడ్డ అక్కా, నువ్వూ రా. ఆ చంటిదాన్ని ఒళ్లో వేసుకో, అది ఏడ్చినా నా కథకేం అడ్డం రాదు. దేవుడు నోరిచ్చింది నలుగురికీ పనికొచ్చే మాట చెప్పడానికే కదా. ఇవాళ ఒక గుమాస్తా సంగతి చెబుతాను.

ఆయన జిల్లా ఆరోగ్య కార్యాలయంలో లెక్కల గుమాస్తా. ఉదయం పదింటికి వచ్చి, చేతిరుమాలుతో కుర్చీ దులుపుకుని కూర్చునేవాడు. గర్భిణులు ఎంతమంది, కాన్పులు ఎన్ని, కాన్పులో పోయిన తల్లులు ఎందరు అని నెలనెలా గళ్లు నింపి పైకి పంపడం ఆయన పని. ఆ చివరి గడిలో రెండేళ్లుగా సున్నాయే. అందుకే అందరూ ఆయన్ని సున్నాగారూ అని పిలిచేవారు. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

ఆ సున్నా ఎలా వచ్చిందంటారా? చిన్నాసుపత్రిలో కాన్పు కష్టమైతే "పెద్దాసుపత్రికి పంపాం" అని చీటీ రాసి, ఒక నకలు గుమాస్తాకి పంపేవారు. ఆ అమ్మాయి దారిలో పోతే పెద్దాసుపత్రివాళ్లు "మా దగ్గరికి రాలేదు" అని రాసేవారు. రెండు కాగితాలూ నిజమే. మధ్యలో పోయిన మనిషే ఏ కాగితంలోనూ ఉండేది కాదు.

అలా రాయని తల్లుల బరువంతా రిజిస్టరు మోసేది. మొదటి తల్లికి బల్ల సొరుగు ఊడింది. రెండో ఆమెకి బల్ల కాలు విరిగింది. మూడో ఆమెకి మేస్త్రీని పిలిపించి, కిటికీ కింద సిమెంటు దిమ్మ కట్టించి దాని మీద పెట్టారు. ఎవరూ నోళ్లు నొక్కుకోలేదు. వానాకాలం తలుపులు బిగుసుకుంటాయి, పుస్తకాలు బరువెక్కుతాయి, అంతే.

గది ఊడ్చే ఆయమ్మ మాత్రం ఊరుకునేది కాదు. "అయ్యా, మీ పుస్తకం మళ్లీ కడుపుతో ఉన్నట్టుంది. పేజీలు నెమ్మదిగా తిప్పండి."

"నీ నోటికి తాళం లేదే, ఆయమ్మా!"

"మీ పుస్తకానికి వేశారుగా, చాల్లెండి."

ఇంట్లో ఆయనకి ఒక్కగానొక్క కూతురు, తల్లి లేని పిల్ల. ఏడో నెల. సాయంత్రం ఇంటికి రాగానే ఆ పిల్ల పాదాలు వాచాయేమోనని వేలితో నొక్కి చూసేవాడు.

"నాన్నా, కాళ్లకి కూడా లెక్క రాస్తావా ఏంటి?"

"నీ లెక్క తప్పితే నాకింకేం మిగులుతుందమ్మా?"

ఒకరోజు ఇటుకల బట్టీలో పనిచేసే ఒకావిడ ఆఫీసుకొచ్చింది. గోళ్ల నిండా ఎర్రమట్టి.

"మా అమ్మాయి ఏ పుస్తకంలో ఉంది బాబూ?"

"ఎక్కడ పోయింది?"

"రైలు గేటు దగ్గర. గూడ్సు బండి కోసం గేటేశారు. నలభై నిమిషాలు తియ్యలేదు. చిన్నాసుపత్రిలో అడిగితే పంపామన్నారు, పెద్దాసుపత్రిలో అడిగితే రాలేదన్నారు. మరి నా బిడ్డ పోయినట్టా, పోనట్టా?"

"ఆసుపత్రి నుంచి కాగితం వస్తేనే రాస్తానమ్మా. వచ్చే వారం రండి."

కాగితం రాదని ఆయనకి తెలుసు. రెండు నెలల్లో సమీక్ష. మూడో ఏడూ సున్నా వస్తే జిల్లాకి షీల్డు, ఆఫీసరుకి ప్రమోషను.

ఆవిడ దిమ్మ దగ్గరికి వెళ్లి, నలుగురు మగాళ్లు కదపలేని ఆ రిజిస్టరుని నిద్రపోతున్న పిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులా ఎత్తుకుంది. "ఇందులో ఉన్నది నా బిడ్డొక్కతే కాదు బాబూ" అని, మెల్లగా దించి వెళ్లిపోయింది.

గుమాస్తా కలానికి మూత పెట్టేశాడు.

ఆ తర్వాత పుస్తకం ఇంకో రెండుసార్లు బరువెక్కింది. సిమెంటు దిమ్మ బీటలువారింది.

సమీక్ష రోజు పొద్దున కూతురు నడుం నొప్పిగా ఉందంది. "ఇంకా వారం ఉందన్నారుగా, వెళ్లిరా నాన్నా. పక్కింటి పిన్ని ఉందిలే" అంది. ఎనిమిది మంది పలకల మీద జరిపి రిజిస్టరుని జీపెక్కించారు. జీపు వెనక్కి కూలబడింది.

"సార్, ఇందులో ఏనుగుల్ని రాశారా?" అన్నాడు డ్రైవరు.

"ఏమీ రాయలేదయ్యా."

"అదే కాబోలు మరి."

రైలు గేటు దగ్గర పట్టాల మీద జీపు ఎగిరిపడింది. వెనక తలుపు ఊడి, రిజిస్టరు పట్టాల మధ్య పడింది. ఎంతమంది పట్టినా కదల్లేదు. గేటుమేను ఎర్రజెండా పట్టుకుని పరిగెత్తాడు. దూరంగా గూడ్సు బండి రొప్పుకుంటూ ఆగిపోయింది. గేటు తెరిచే ఉంది.

అప్పుడొచ్చింది అంబులెన్సు. ముందు సీట్లోంచి పక్కింటావిడ అరిచింది: "అన్నయ్యా! అమ్మాయికి రక్తం ఆగట్లేదు!"

గుమాస్తా వెనకెక్కాడు. అంబులెన్సు రిజిస్టరు పక్కనుంచి, చక్రం దానికి తగలకుండా, పట్టాలు దాటేసింది.

తల్లీ బిడ్డా దక్కారు. "పావుగంట ఆలస్యమైనా నా చేతుల్లో ఏమీ ఉండేది కాదు" అంది డాక్టరమ్మ.

ఆయన నడుచుకుంటూ గేటు దగ్గరికొచ్చాడు. గూడ్సు ఇంకా అక్కడే ఉంది, రిజిస్టరూ అక్కడే ఉంది. ఆయన కంకర మీద కూలబడి, పేజీల మధ్య దాచిన "పంపాం" చీటీలన్నీ బయటికి తీశాడు.

గేటుమేను పక్కన కూర్చున్నాడు. "గేటేసిన టైము రాస్తాను సార్, తీసిన టైము రాస్తాను. మధ్యలో ఎవరేడ్చారో రాయడానికి నాకు గడి లేదు. అయినా ఒక్కరినీ మర్చిపోలేదు." తన పుస్తకం చూసి తేదీలు చెప్పాడు. చీటీలతో సరిపోయాయి. ఏడుగురు.

గుమాస్తా ఒక్కో తల్లి పేరూ రాసి, ఎదురుగా "పోయిన చోటు: రైలు గేటు" అని రాశాడు. ఏడుసార్లు అదే మాట. ఒక్కో పేరుకీ పుస్తకం కాస్త తేలికయింది. ఏడో పేరయ్యాక దాన్ని చంకలో పెట్టుకుని సమీక్షకి బయల్దేరాడు. గూడ్సు బండి కదిలింది.

షీల్డు రాలేదు, ఆఫీసరు తిట్లు మాత్రం వచ్చాయి. కానీ సమీక్షలో పై ఆఫీసు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఆ పేజీ మీద వేలు పెట్టి, "ఏడుకి ఏడూ ఒకే గేటా?" అని అడిగింది. మూడు నెలల్లో గేటుకి అవతల ఇంకో అంబులెన్సు పెట్టారు, నర్సుతో సహా. గేటేసి ఉంటే, బండి దగ్గర్లో లేదని గేటుమేను చూసి చెప్పాక, స్ట్రెచరు మీద పట్టాలు దాటించి అవతలి అంబులెన్సు ఎక్కిస్తున్నారు. ఆ తర్వాత అక్కడ ఏ తల్లీ పోలేదు.

గుమాస్తా రిజిస్టరు పట్టుకుని బట్టీకి వెళ్లాడు. ఆవిడ చీర చెంగుకి చేతులు తుడుచుకుని, "నా బిడ్డ పేరేదీ?" అంది. చూపించాడు. ఐదో వరస. ఆవిడ వేలు ఆ పేరు మీద చాలాసేపు ఆగింది. తర్వాత కిందికి జరిగింది.

"ఈ ఇద్దరూ?"

"మీరు వచ్చి వెళ్లాక పోయినవాళ్లు."

ఆవిడ పుస్తకం మూసి ఆయన చేతిలో పెట్టింది. "నేనొచ్చిన రోజే రాసుంటే బాబూ?"

మనవణ్ణి ఎత్తుకున్నప్పుడల్లా ఆయనకి ఆ మాట వినబడుతుందట ఇప్పటికీ. దేవుడు ఆయన్ని క్షమించాడో లేదో నాకు తెలీదు. ఆ ఇద్దరి పిల్లలు ఎవరి ఒళ్లో పెరుగుతున్నారో అదీ తెలీదు.

మీరు మాత్రం ఒక్క పని గుర్తుపెట్టుకోండి. మీ ఎరికలో ఏ తల్లయినా కాన్పులో పోతే, ఏడ్చి ఊరుకోకండి. ఎక్కడ పోయిందో అడగండి. పేరు రాయించండి. వచ్చే వారం కాదు, ఆ రోజే. ఇంటికెళ్లి ఇంకొకరికి ఈ మాట చెప్పండి, వాళ్లని ఇంకొకరికి చెప్పమనండి.