ఎడమవైపు గాడి

"నువ్వు పక్కనే ఉండు. కానీ మాట్లాడకు" అన్నాడు మా ఆయన, నేను ఇస్త్రీ చేసిన చొక్కా తొడుక్కుంటూ. పక్కనే ఎందుకంటే, పెట్టె మోయాలి. మాట్లాడకూడదు ఎందుకంటే, ఆ పెట్టెలో ఉన్నది తను తయారుచేసిందని ఏసీల ఫ్యాక్టరీ వాళ్ళకి ఫోనులో ముందే చెప్పేశాడు. ఆ సంగతి నాకు చెప్పడానికి మాత్రం వారం పట్టింది. చెప్పినప్పుడు కూడా, "మనిద్దరం వేరా ఏంటి?" అన్నాడు. ఇద్దరం వేరు కాదన్న సంగతి మా ఇంట్లో పేరొచ్చే చోటే గుర్తొస్తుంది. అంట్ల దగ్గర ఒక్కసారీ గుర్తు రాలేదు.

మాది ఏసీల విడిభాగాలు అమ్మే కొట్టు. ఆయన బయట తిరుగుతాడు, కౌంటర్లో నేను కూర్చుంటాను. పన్నెండేళ్ళు కూర్చున్నాక, ఏ సరుకు నిలబడుతుందో ఏది తిరిగొస్తుందో పెట్టె విప్పకుండానే చెప్పగలను. అన్నిటికంటే ఎక్కువ తిరిగొచ్చేది గోడ ఏసీలో ఉండే పొడుగాటి ఫ్యాను. నిజానికి దాని తప్పేం లేదు. పాడయ్యేది మోటారు. కానీ మోటారుకీ ఫ్యానుకీ మధ్య, వేలు దూరని సందులో ఒక స్క్రూ ఉంటుంది. దాంతో కలిపి మొత్తం పదకొండు స్క్రూలు ఊడదీయాలి, ఇద్దరు మనుషులు కావాలి, గంటన్నర పడుతుంది. ఆ తొందరలో ఫ్యాను రెక్కలు విరిగేవి. మెకానిక్‌లు ఆ ముక్కలు తెచ్చి నా ముందు పోసి, "ఏం సరుకమ్మా ఇది, మమ్మల్ని చంపడానికా?" అని తిట్టేవాళ్ళు. నేను తిట్లు తింటూ స్క్రూలు లెక్కపెట్టేదాన్ని.

ఫ్యాను చివర బోలుగా ఉంటుంది. ఆ ఖాళీని ఎవరూ వాడుకోలేదు. మోటారుని సగం దాకా అందులోకి దించితే రెండూ కలిసి ఒకే ముక్క అవుతాయి, పొడవు నాలుగు వేళ్ళు తగ్గుతుంది. దాని మీది గాడిని డబ్బా అంచుకి ఆనించి నెడితే క్లిప్పు పడుతుంది, వైరు గుచ్చితే పని అయిపోతుంది. తిరగేసి పెడదామన్నా ఎక్కదు. అట్టముక్కలతో మొదలుపెట్టి, నాలుగోసారికి ప్లాస్టిక్‌లో పోయించాను. రెండేళ్ళు పట్టింది. ఆ రెండేళ్ళూ మా ఆయన దాన్ని "నీ బొమ్మలాట" అన్నాడు. "చేతులకి ఆ గ్రీజేంటే, వంట చేసే చేతులేనా అవి?" అని అత్తయ్య మంచం మీద నుంచి అడిగేది. ఆ చేతులు వండింది తింటూనే అడిగేది.

పదకొండు స్క్రూలు పోయి ఒక్క క్లిప్పు మిగిలింది, గంటన్నర పని నాలుగు నిమిషాలకి వచ్చింది. ఆ రోజు నుంచి అది బొమ్మలాట కాకుండా పోయింది. దాన్ని బిగించడం మా ఆయన రెండు రోజుల్లో నేర్చుకున్నాడు. అంత తేలిగ్గా తయారు చేయడమే నా పొరపాటేమో. ఎవరు బిగించినా బిగుస్తుంది, ఎవరు నాదని చెప్పుకున్నా చెల్లుతుంది.

అత్తయ్య దగ్గర పక్కింటావిడని కూర్చోబెట్టి ఫ్యాక్టరీకి వెళ్ళాం. గది మధ్యలో పొడుగాటి బల్ల, గోడకి తగిలించిన ఖాళీ ఏసీ డబ్బా. పెద్ద ఇంజనీరు యాభై దాటిన మనిషి. కళ్ళజోడు నుదుటి మీదకి నెట్టి నన్ను చూశాడు. "మా ఆవిడండీ" అన్నాడు మా ఆయన. ఆ తర్వాత ఇంజనీరు నన్ను కుర్చీని చూసినట్టే చూశాడు. మా ఆయన ఫ్యాను పైకెత్తి, నెట్టి, క్లిప్పు పడగానే చేతులు దులుపుకున్నాడు. బాగానే చేశాడు. ఇంజనీరు దాన్ని ఊడదీసి, తిప్పి తిప్పి చూసి, గాడి మీద వేలు పెట్టాడు.

"ఇది మధ్యలో పెట్టకుండా ఎడమవైపుకి జరిపారేం?"

మా ఆయన గాడిని అప్పుడే మొదటిసారి చూసినట్టు వంగి చూశాడు. "అదీ... చూడ్డానికి బావుంటుందనండి."

"గోడమీద డబ్బాలో, మూత వెనకాల. ఎవరు చూస్తారండీ, బల్లులా?" అంటూ ఇంజనీరు పుస్తకం తెరిచాడు. "మధ్యకి మార్చేద్దాం. మాకు అచ్చు పోయడం తేలికవుతుంది."

"మార్చేయండి సార్, దానిదేముంది" అన్నాడు మా ఆయన.

ఇన్నేళ్ళలో నన్ను పక్కకి నెట్టిన ప్రతిసారీ ఊరుకున్నాను. గాడిని నెట్టేస్తుంటే ఊరుకోలేకపోయాను.

"మార్చకండి" అన్నాను. "నిచ్చెన మీదున్న మనిషి ఎడమచేత్తో నిచ్చెన పట్టుకుంటాడు. మిగిలేది కుడిచెయ్యి ఒక్కటే. అరచెయ్యి గోడవైపు పెట్టి నెడితే, బొటనవేలు సరిగ్గా గాడి మీద పడుతుంది. దారి ఆ వేలే చూపిస్తుంది. మధ్యలో పెడితే ఫ్యాను ఒరిగిపోతుంది, పట్టుకోడానికి ఇంకో చెయ్యి కావాలి. ఇంకో చెయ్యంటే ఇంకో మనిషి."

ఇంజనీరు ఎడమచెయ్యి జేబులో పెట్టుకుని, కుడిచేత్తో ప్రయత్నించాడు. క్లిప్పు పడింది. ఊడదీసి మళ్ళీ పెట్టాడు. మళ్ళీ పడింది. ఇది ఎలా తట్టిందని మాత్రం నన్ను అడగలేదు. అడిగుంటే చెప్పేదాన్ని. బళ్ళో వేసేదాకా మూడేళ్ళు ఎడమచంకలో కూతురు, కుడిచేత్తో కౌంటరు. ఆ తర్వాత అత్తయ్య పడిపోయి మంచాన పడ్డాక, ఎడమచెయ్యి ఆవిడ వీపు వెనకాల, కుడిచేత్తో ముద్ద. రెండు చేతులూ ఒకేసారి నావిగా ఉన్న పూట నాకు గుర్తు లేదు. ఒంటిచేత్తో బతకడమంటే ఏంటో తెలిసినవాళ్ళు తప్ప ఆ గాడిని అక్కడ పెట్టరు.

"నేనూ అదే చెప్పబోతున్నానండీ" అని నవ్వాడు మా ఆయన. "ఇంట్లో వినీ వినీ మా ఆవిడకి కంఠతా వచ్చేసింది."

ఇంజనీరు కూడా నవ్వాడు. గాడి ఉన్నచోటే ఉండిపోయింది. ఒప్పందం కాగితం మీద, తయారుచేసినవాళ్ళు అన్నచోట మా ఆయన పేరు పడింది.

ఇంటికొస్తూ దారిలో, "మాట్లాడొద్దన్నానా లేదా?" అన్నాడు. నాలుగడుగులు వేశాక, "సర్లే, మంచికే అయింది. వాళ్ళకి ఇందులోనే పెద్ద సైజు కావాలట, నెలాఖరుకి. ఇంటి పని చూసుకుంటూ తీరిగ్గా మొదలుపెట్టు. వాళ్ళతో మాట్లాడేది నేను చూసుకుంటా" అన్నాడు. నాకు తీరికెక్కడ కనిపించిందో అడగలేదు. చెయ్యి దాటిపోయిన సరుకు గురించి ఏడ్చే అలవాటు నాకు లేదు. చిన్న సైజు పోయింది, దాని లెక్క అయిపోయింది. పెద్ద సైజు మాత్రం ఇంకా ఏ కాగితం మీదా లేదు. మోటారు బరువు పెరిగితే గాడి ఎంత కిందకి దిగాలో, క్లిప్పు ఎంత మందం ఉండాలో నా తలలో తప్ప ఎక్కడా లేదు.

మర్నాడు ఇంజనీరుకి నేనే ఫోను చేశాను. పెద్ద సైజు మీ బల్ల దగ్గరే కూర్చుని గీస్తాను, గీసినవాళ్ళ పేరే కాగితం మీద ఉండాలి అన్నాను. "ఎవరి పేరుంటే నాకేంటమ్మా, నెలాఖరుకి కావాలి అంతే" అన్నాడు. నాకు కావలసిందీ అంతే.

సోమవారం పొద్దున కొట్టు తాళాలు, అత్తయ్య మందుల డబ్బా ఆయన చేతిలో పెట్టాను. "ఎక్కడికి?" అన్నాడు. చెప్పాను. చేతిలో మందుల డబ్బా చూసుకుని, "మరి అమ్మనెవరు చూస్తారు?" అన్నాడు.

"ఒక చేత్తో వెనకాల ఆపాలి, రెండో చేత్తో తినిపించాలి. రెండు రోజుల్లో వచ్చేస్తుంది మీకు."

"వాడికి చేతకాదే అమ్మాయ్" అంది అత్తయ్య మంచం మీద నుంచి, బతిమాలుతున్నట్టు. ఆవిడ నాతో ఆ గొంతుతో మాట్లాడటం అదే మొదటిసారి. ఆగలేదు. ఆగితే ఇంకో పన్నెండేళ్ళు ఆగిపోతానని తెలుసు.

ఫ్యాక్టరీలో బల్ల ఖాళీ చేసి ఉంచారు. ఇంజనీరు నన్ను చూసి, నా వెనకాల తలుపువైపు చూశాడు. "మీవారు రాలేదా?" అన్నాడు.

"లేదండీ" అన్నాను కాగితం పరుస్తూ. "ఆయనకి ఇంట్లో పనుంది."