నేనే అంటే ఎవరు?

ఆ వీధిలో ఒకప్పుడు తలుపు తట్టినవాళ్ళెవరూ పేరు చెప్పేవారు కాదు. "నేనే" అంటే చాలు, లోపలినుంచి "రా, రా, తీసే ఉంది" అని వినిపించేది. అసలు తట్టడం కూడా మర్యాద కోసమే. తలుపులకు గడియలైతే ఉండేవి గానీ, వేసే అలవాటు లేక బిగుసుకుపోయి, వేద్దామన్నా కదిలేవి కావు.

టైలరత్త అయితే మిషను తొక్కడం కూడా ఆపేది కాదు. కిటికీ పక్కన కూర్చుని చొక్కాల చేతులు అతుకుతూ, తలెత్తకుండానే వచ్చిందెవరో చెప్పేసేది. "నేనే" అని దీర్ఘం తీస్తే ఎదురింటి కోడలు, ముక్కుతో అంటే మేస్త్రీ, రొప్పుతూ అంటే నర్సు వదిన. ఒక్కసారే పప్పులో కాలేసింది. ఎవరో "నేనే" అంటూ వస్తే పని తొందరలో "కూర్చో బాబూ" అంది. ఆ మనిషి దర్జాగా కాఫీ తాగి, పేపరంతా చదివి, "మా అక్కయ్య ఇంకా రాలేదేంటండీ?" అన్నాక తెలిసింది, ఆయన వెళ్ళాల్సింది పక్క వీధికని. వీధి వీధంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది.

నర్సు వదినది పక్కిల్లే. డ్యూటీ దిగితే తన ఇంటికంటే ముందు టైలరత్త గుమ్మంలోనే అడుగు పెట్టేది. ఇద్దరూ ఒకరినొకరు వదినా అనుకునేవారు, ఏ వరసన అంటే ఇద్దరికీ తెలియదు. టైలరత్త భర్త పోయినప్పుడు నెలల తరబడి వచ్చి పక్కన పడుకుంది నర్సు వదినే. నర్సు వదినని ఆమె మేనకోడలు పట్టుబట్టి ఊరి ఆ చివరకు తీసుకుపోయిన రోజున ఇద్దరూ గుమ్మంలో నిలబడి చిన్నపిల్లల్లా ఏడ్చారు.

తర్వాత వీధికి ఏం పోయేకాలం వచ్చిందో గానీ, ఒక్కొక్క ఇల్లే కూలి అంతస్తులు లేచాయి. వచ్చేవాళ్ళెవరో, పోయేవాళ్ళెవరో! ఒక మధ్యాహ్నం ఎవడో తలుపు తట్టి "నేనే" అంటే, పాత అలవాటు కొద్దీ ఎదురింటి కోడలు తలుపు తీసింది. మెడలో గొలుసు పోతే పోయింది, వాడు తోసిన తోపుకి తుంటి ఎముక విరిగింది. పాపం, మళ్ళీ తిన్నగా నడిచింది లేదు.

ఆ వారమే టైలరత్త కొడుకు వచ్చి ఇనుప గేటు, రెండు గడియలు పెట్టించాడు. బయట ఎవరున్నారో కనబడేలా తలుపుకి కన్నం కూడా తొలిపించాడు.

"దొంగలు వెయ్యాల్సిన కన్నం మనమే వేసుకోవడమేంట్రా?" అందామె.

"నవ్వులాట కాదమ్మా. పేరు చెప్తేనే తియ్యి. నేనే అన్నవాళ్ళకి మాత్రం చచ్చినా తియ్యకు."

ఆమె మొదట్లో మూతి విరిచింది. కానీ ఎదురింటి కోడలు చేతికర్రతో వాకిట్లోకి రావడం చూసినప్పుడల్లా భయం పెరిగింది. పట్టపగలు కూడా రెండు గడియలూ వేసుకుని మిషను ముందు కూర్చోవడం మరిగింది.

ఈ మధ్య నర్సు వదిన మేనకోడలు ఫోన్ చేసింది. "అత్తయ్యకి గొంతులో గడ్డండీ. సోమవారం ఆపరేషను. స్వరపేటిక తీసేస్తారట, ఇక మాట ఉండదు. ఈలోగా మీతో ఒక పూటంతా మాట్లాడాలంటోంది. ఆదివారం తీసుకొస్తాను."

టైలరత్తకి ఆ రోజునుంచీ ముద్ద దిగలేదు. వదిన మాట లేకుండా ఎలా ఉంటుందో ఊహకే అందలేదు. ఏమేం మాట్లాడాలో మిషను తొక్కుతూ మనసులోనే పోగుచేసుకుంది. వదిన చేత పాత సంగతులన్నీ చెప్పించుకోవాలి. ఆ గొంతు చెవిలో దాచుకోవాలి.

శనివారం మధ్యాహ్నం తలుపు చప్పుడైంది.

"ఎవరూ?"

"నేనే."

గరుకు కాగితంతో చెక్క రుద్దినట్టుంది ఆ గొంతు. ఆడో మగో కూడా తెలియలేదు. టైలరత్త మిషను ఆపింది. మెల్లిగా లేచి కన్నంలోంచి చూసింది. ముక్కు దాకా స్కార్ఫు చుట్టుకుని, నల్లకళ్ళద్దాలు పెట్టుకున్న మనిషి ఒక చేత్తో గేటు ఊచ పట్టుకుని నిలబడి ఉంది.

"నేనే అంటే ఎవరు? పేరు చెప్పండి."

మళ్ళీ అదే గొంతు, ఈసారి ఇంకా బలవంతంగా, "నేనే..." అంది. ఆపైన ఏదో అనబోయి దగ్గులో మింగేసింది.

"పేరు చెప్పకపోతే మా అబ్బాయికి ఫోన్ చేస్తాను. అసలే రోజులు బాగాలేవు. వెళ్ళండి!"

గేటు ఊచ మీది చెయ్యి జారింది. చెప్పుల చప్పుడు నెమ్మదిగా దూరమైంది. టైలరత్త చెమట తుడుచుకుని కొడుక్కి ఫోన్ చేసి చెప్పింది. "శభాష్ అమ్మా, ఇప్పటికి దారిలో పడ్డావు" అన్నాడు. ఆమెకీ కాస్త గర్వంగానే అనిపించింది.

ఫోన్ పెట్టిందో లేదో మళ్ళీ మోగింది. మేనకోడలు.

"మంచం ఖాళీ అయిందని ఇవాళే చేరమన్నారండీ. మిమ్మల్ని చూడకుండా వెళ్ళనని ఒక్కతే ఆటో ఎక్కి వచ్చేసింది. నేను ఆఫీసు నుంచి తిన్నగా ఆసుపత్రికి వస్తాను. ఏం చేస్తున్నారు వదినలిద్దరూ? గొంతు బాగా పాడైంది కదా, గుర్తుపట్టారా?"

టైలరత్త ఫోన్ అక్కడే పడేసింది. చెప్పులైనా వేసుకోకుండా వీధిలోకి పరుగెత్తింది.

మలుపులో ఆటో ఇంకా ఉంది. నర్సు వదిన అప్పుడే ఎక్కి కూర్చుంది. స్కార్ఫు కిందికి జారింది. అదే మొహం, సగానికి సగం చిక్కిపోయింది.

"వదినా! నన్ను చెప్పుతో కొట్టు వదినా! ఒక్కసారి నర్సునని అనుంటే..."

నర్సు వదిన నవ్వడానికి ప్రయత్నించింది. ఒక్కో మాటా కూడదీసుకుంటూ అంది. "మన గుమ్మం దగ్గర... పేరు చెప్పడమేంటని."

"నీ గొంతు నాకు తెలియలేదు వదినా."

"నీకే తెలియలేదంటే... ఇక ఈ గొంతు పోయినా బాధ లేదులే."

టైలరత్త భోరుమంది. ఆటో కడ్డీ పట్టుకుని, "నేనూ వస్తాను, దారంతా మాట్లాడుకుందాం" అంది. వెనక బళ్ళు హారన్లు మొదలెట్టాయి. ఆటో అతను "తొందరగా అమ్మా" అన్నాడు. ఆమె కాలు పైకి పెట్టబోతుంటే నర్సు వదిన చెయ్యి పట్టి ఆపింది. ఆమె వట్టి కాళ్ళ వైపు చూసింది, వీధి వైపు చూసింది.

"తలుపేసొచ్చావా?"

"లేదు."

"అయితే వెళ్ళు వదినా. ముందు వెళ్ళి... గడియ వేసుకో."

ఆటో కదిలిపోయింది. మర్నాడు ఆసుపత్రికి వెళ్తే, గొంతు వాచి ఊపిరి ఆడటమే కష్టంగా ఉందని, మాట్లాడనివ్వొద్దని డాక్టర్లు కట్టడి చేశారు. ఇద్దరూ చేతులు పట్టుకుని కూర్చున్నారు. జీవితమంతా గడియ వెయ్యని గుమ్మంలోంచి నడిచి వచ్చిన మనిషి నోట టైలరత్త విన్న ఆఖరి మాట, గడియ వేసుకోమనే.