వెనక పన్ను మీద నల్ల గీత

మా అత్తయ్య తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళంటుంది. నాలుగోది చూపించినా అది తోకేనంటుంది. పదేళ్ళ కాపురంలో ఆవిడతో వాదించి నేను గెలిచింది లేదు.

ఆ రోజు పొద్దున బుడంకాయ పళ్ళు తోముకుంటూ నోరు తెరిచింది. బుడంకాయంటే మా ఆరేళ్ళ కూతురు. కింద, అన్నిటికన్నా వెనకున్న పన్ను మీద సన్నటి నల్ల గీత కనిపించింది. అత్తయ్యని పిలిచి చూపించాను.

"పాలపన్నేనే! ఇవాళ కాకపోతే రేపు ఊడుతుంది. దానికింత గోలెందుకు?" అంది.

"పాలపన్నని మీకెలా తెలుసు?"

"దానికింకా ఒక్క పన్నైనా ఊడిందా? పాతది ఊడకుండా కొత్తది ఎక్కణ్ణుంచి పుట్టుకొస్తుంది? ఉన్నవన్నీ పాలపళ్ళే!"

లెక్క సరిగ్గానే ఉందనిపించి కుట్టు పనికి వెళ్ళిపోయాను. మిషను ముందు కూర్చున్నానన్న మాటే గానీ కళ్ళ ముందు ఆ గీతే. ఒక చొక్కాకి చేతులు తిరగేసి కుట్టేశాను. యజమాని చూసి, "ఇంటికి పోమ్మా, ఇవాళ నీ మనసు ఇక్కడ లేదు" అన్నాడు. మంచిదే అయింది. పిల్లని తీసుకుని పళ్ళ డాక్టరు దగ్గరికి బయల్దేరాను. అత్తయ్య కూడా చెప్పులేసుకుంది. తన మాటే నెగ్గుతుందని అంత ధీమా ఆవిడకి.

ఆసుపత్రి చెప్పుల కొట్టు పై అంతస్తులో ఉంది. డాక్టరమ్మ బుడంకాయని పెద్ద కుర్చీలో పడుకోబెట్టి, చిన్న అద్దం నోట్లో పెట్టి చూసింది.

"ఇది పాలపన్ను కాదండీ. ఆరేళ్ళప్పుడు పాలపళ్ళ వెనక ఖాళీలో మొలుస్తుంది. దీనికోసం ఏ పన్నూ ఊడక్కర్లేదు. అందుకే చాలామంది పాలపన్నే అనుకుంటారు. ఇది పోతే మళ్ళీ రాదు" అంది.

అత్తయ్య మొహం పాలిపోయింది. రోజూ బడి నుంచి తీసుకొచ్చేటప్పుడు పిల్ల చేతిలో జిగురు చాక్లెట్ పెట్టేది ఆవిడే. వద్దంటే, "పాలపళ్ళకేం కాదులే" అనేది. నాకు ఒళ్ళు మండింది. మాట నాలుక చివరిదాకా వచ్చింది. పిల్ల ఎదురుగా ఎందుకులెమ్మని పళ్ళు బిగబట్టుకున్నాను.

"పుచ్చిందా డాక్టరమ్మా?" అంది అత్తయ్య. ఆవిడ గొంతు అంత చిన్నగా ఉండగా నేనెప్పుడూ వినలేదు.

"నల్లగా ఉన్నంత మాత్రాన పుచ్చినట్టు కాదు. శుభ్రం చేసి చూస్తేగానీ చెప్పలేను. పుచ్చి గుంట పడితే డ్రిల్ చెయ్యాలి. మరకే అయితే సీలెంట్ వేస్తే చాలు. పన్ను మీది గాడుల్లో తిండి ఇరుక్కోకుండా మూసేసే పూత."

చిన్న బ్రష్షు గిర్రున తిరిగింది. అత్తయ్య నా చెయ్యి పట్టుకుంది. ఆ వేళ్ళు చల్లగా ఉన్నాయి, వదిలించుకోబుద్ధి కాలేదు. డాక్టరమ్మ నీళ్ళు కొట్టి, గాలి ఊది, దీపం దగ్గరికి లాగి చూసింది. ఆ చూడ్డం చూడ్డం ఎంతకీ తెమలదే! నాకు అరవాలనిపించింది.

"మరకే. చాలావరకు పోయింది కూడా. పన్ను గట్టిగా ఉంది."

పోయిన ప్రాణం లేచొచ్చింది. అత్తయ్య పక్కనున్న స్టూలు మీద కూలబడిపోయింది.

ఇక పూత పని. బుగ్గలో దూది చుట్టలు పెట్టి, "ఇప్పుడు నోరు మూయకూడదు, నాలిక తగలకూడదు. ఉమ్మి తగిలితే పూత అంటదు, మళ్ళీ మొదటికొస్తాం" అని బుడంకాయకి చెప్పింది డాక్టరమ్మ. ఏదో జెల్ రాసి కడిగింది, ఆరబెట్టింది, తెల్లటి పూత వేసి నీలం దీపం పెట్టింది. ఒక పన్ను కాగానే, అలాగే వెనక కొత్తగా మొలిచిన ఇంకోటి. పిల్ల బొమ్మలా కదలకుండా ఉంది. డాక్టరమ్మ ఉన్నట్టుండి మా వైపు చూసి నవ్వింది. ఎందుకా అని చూసుకుంటే, అత్తయ్యా నేనూ కూడా నోళ్ళు బార్లా తెరుచుకుని కూర్చున్నాం.

"పూత వేశాం కదాని తోమడం మానకండి. చాక్లెట్లు తగ్గించండి. ఆరు నెలలకోసారి తెచ్చి చూపించండి, పూత ఊడితే మళ్ళీ వేస్తాను" అని పంపించింది. అత్తయ్య అన్నిటికీ బడిపిల్లలా తలూపింది.

మెట్లు దిగుతుంటే సగంలో ఆగిపోయింది ఆవిడ.

"పుచ్చిందని తేలుంటే నన్ను అనేదానివే కదూ?"

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "అనేదాన్నే అత్తయ్యా. గట్టిగానే."

"అనాల్సిందేలే. నువ్వు ఒక్కసారి అని ఊరుకునేదానివి. నేనైతే బతికున్నన్నాళ్ళూ నన్ను తిట్టుకుంటూనే ఉండేదాన్ని."

అక్కడే మెట్టు మీద కూర్చుని గట్టిగా ఏడ్చేసింది. అంత మొండి మనిషి అలా ఏడుస్తుంటే నా కోపం ఎటు పోయిందో తెలీదు. పక్కన కూర్చుని భుజం చుట్టూ చెయ్యి వేశాను. నాకూ ఏడుపొచ్చింది, దాంతోపాటే నవ్వూ వచ్చింది. చెప్పులు కొనుక్కుని వెళ్ళేవాళ్ళు మమ్మల్ని వింతగా చూశారు. చూస్తే చూశారు.

బుడంకాయ రెండు మెట్లు పైకెక్కొచ్చి అత్తయ్య గడ్డం పట్టుకుంది. "నానమ్మా, నొప్పా? ఎక్కడ?"

"లేదే తల్లీ," అంది అత్తయ్య. "ఇప్పుడు నాకు ఎక్కడా నొప్పి లేదు."