పీకమన్న ముళ్ళు

రావే, ఇలా దగ్గరకు జరుగు. ఆ చింతచిగురు తర్వాత దూసుకోవచ్చు, చేట పక్కన పెట్టు. సంపూర్ణమ్మ సంగతి నీకు ఎవరూ చెప్పి ఉండరు. చెప్పినా నవ్వుకోవడానికి చెప్పి ఉంటారు. అసలు జరిగింది నేను చెబుతాను, విను.

అది డెబ్భై అయిదో సంవత్సరం. ఆ ఏడు లోకమంతటికీ ఆడవాళ్ళ సంవత్సరమని రేడియో పొద్దస్తమానం చెప్పేది. బెజవాడ పటమటలో, బందరు రోడ్డు పక్కన, కృపానందానికి సైకిళ్ళ కొట్టు ఉండేది. గంటల లెక్కన అద్దెకిచ్చేవాడు, చెడితే బాగుచేసేవాడు. సంపూర్ణమ్మ అతని కూతురు. ఇరవై రెండేళ్ళది. ఎనిమిదితో బడి మాని, తండ్రి పక్కనే పీట వేసుకుని పంక్చర్లు వేసేది. ట్యూబు నీళ్ళ బేసిన్లో ముంచి, బుడగ ఎక్కడ లేస్తుందో చూసి, అక్కడ గీరి, సొల్యూషన్ రాసి, ఉఫ్ మని ఊది అతుకు అంటించిందంటే, ట్యూబు పోయినా ఆ అతుకు పోయేది కాదు. ఇక సైకిలు తొక్కడమంటావా, చీర గోచీ పోసి, మగవాళ్ళ రాడ్డు సైకిలెక్కి బందరు రోడ్డు మీద బస్సుల పక్కనే పోయేది.

అలా పోతుంటే చూసింది ఛాయాదేవి. డాక్టరు గారి భార్య. ఆడవాళ్ళ క్లబ్బుకి సెక్రెటరీ. ఒకరోజు రిక్షా ఆపించి కొట్టు ముందు దిగి, "అమ్మాయీ, మాకు నేర్పుతావా?" అని అడిగింది.

క్లబ్బులో పదకొండు మంది ముందుకొచ్చారు. పుష్యమాసం చలిలో, తెల్లవారుతుండగా, బడి మైదానంలో సంపూర్ణమ్మ ఒక్కొక్కరి సీటు వెనక పట్టుకుని పరుగెత్తేది. పట్టుచీరల బరువంతా ఆ పిల్ల చేతి మీదే.

"వదిలేశావా సంపూర్ణా?"

"లేదండీ, పట్టుకునే ఉన్నా, తొక్కండి!"

అప్పటికి వదిలేసి నాలుగు బారలు వెనక నిలబడి ఉండేది. పడితే లేపేది, మోకాళ్ళకి పసుపు అద్దేది, నవ్వితే తనూ నవ్వేది. ఛాయాదేవి అందరికంటే ముందు నేర్చుకుంది. నేర్చుకున్న రోజు సైకిలు దిగీ దిగకముందే ఈ పిల్లని వాటేసుకుంది. "అండీ గిండీ మానెయ్. అక్కా అను" అంది. అప్పటినుంచీ సంపూర్ణమ్మ నోట ఇంట్లో కూడా అక్క మాటే. అక్క అలా అంది, అక్క ఇలా నవ్వింది.

పంక్చరు వేయడం కూడా నేర్పుతానంది గానీ, "ఛీ, చేతులు నల్లబడతాయి. నువ్వున్నావుగా" అన్నారు ఆ అమ్మలు.

ఫాల్గుణమాసంలో యాత్ర పెట్టుకున్నారు. పొద్దున్నే పటమటలో బయల్దేరి, కంకిపాడు దాటి, లోపలి ఊళ్ళో ఒక పెద్ద కమతం వారింట్లో భోంచేసి, చల్లబడ్డాక తిరిగి రావడం. ఆ ఊరి పేరు ఎందుకులే, ఇప్పటికీ ఉంది. భుజం మీంచి వేసుకోవడానికి నీలం పట్టీలు కుట్టించారు. ఛాయాదేవి కొట్టు దగ్గరకొచ్చి చూపించింది.

"పన్నెండు కుట్టించాను. పన్నెండోది నీదే. నువ్వు మాతో వస్తున్నావు, మాలో ఒకదానిగా."

ఆమె వెళ్ళాక కృపానందం స్పానరు తుడుచుకుంటూ అన్నాడు, "అమ్మా, సీటు పట్టుకోమన్నారు, పట్టుకున్నావు. సీటు మీద కూర్చోమంటారని అనుకోకు."

"అక్క అట్టాంటిది కాదు నాన్నా."

"ఆమె ఎట్టాంటిదో నాకు తెలీదు. ఆ ఊళ్ళు తెలుసు."

"నువ్వెప్పుడూ ఇంతే. పంక్చరు పడకముందే బేసిన్లో నీళ్ళు పోస్తావు."

కృపానందం నూనె డబ్బా అందుకున్నాడు. కొట్టులో ఉన్న ఆరు లేడీస్ సైకిళ్ళకీ నూనె వేసి, బ్రేకులు బిగించి ఇచ్చాడు. మిగతా అయిదూ ఆ అమ్మల సొంతవి.

బయల్దేరే రోజు పొద్దున ఛాయాదేవే తన చేత్తో సంపూర్ణమ్మకి పట్టీ వేసి పిన్ను పెట్టింది. కాస్త వెనక్కి జరిగి చూసి, తన కుంకుమ భరిణె తీసి నుదుట ఎర్రగా బొట్టు పెట్టింది. "అందరి ముఖాలూ కళగా ఉంటే నీదొక్కటే బోసిగా ఎందుకు?" అంది. ఏసుప్రభువును నమ్మిన ఇంటి పిల్ల, బొట్టు ఎరగదు. అయినా అక్క చెయ్యి కదా అని కదలకుండా నిలబడింది. ఆ చెయ్యి చల్లగా ఉందట.

ఆ పొద్దుటి సంగతి అబద్ధం చెప్పను, బాగుంది. పోరంకి దాటేసరికి ఎండ ఇంకా పసుపు రంగులోనే ఉంది. ఒక పక్క బందరు కాలవ నిండుగా పోతోంది, ఇంకో పక్క మామిడితోటల్లో పిందెలు రాలుతున్నాయి. చెరుకు బళ్ళ వాళ్ళు ఎడ్లని ఆపి మరీ చూశారు. ఒకడు, "ఏమమ్మోయ్, బస్సులు బందా?" అని కేకేస్తే, "మీ ఆవిణ్ణి కూడా పంపించవయ్యా, నేర్పుతాం!" అని ఛాయాదేవి ఎదురు కేకేసింది. పన్నెండు సైకిళ్ళ గంటలూ ఒక్కసారి మోగించారు. సంపూర్ణమ్మ అందరికీ వెనక, రాడ్డు సైకిలు మీద, హ్యాండిలుకి పంపు, సొల్యూషన్ సంచీ తగిలించుకుని, ముందు పోతున్న పదకొండు వీపుల్నీ చూస్తూ తొక్కింది. తను నేర్పినవే అన్నీ. ఒక్కరూ తూలడం లేదు.

కంకిపాడు దాటాక రోడ్డు మీద దుమ్ము ఎక్కువైంది. చేలగట్టు మీద జనుము పచ్చగా పూసి ఉంది. అటు పోదామంది ఛాయాదేవి.

"వద్దక్కా. మినుము పీకేసిన చేలు. గట్టంతా పల్లేరు కాయలు ఎండి పడుంటాయి."

"పూలు చూడవే, ముళ్ళెందుకు చూస్తావు!" అని నవ్వి మళ్ళించింది.

గట్టు దిగేసరికి టైర్లన్నిటికీ పల్లేరు ముళ్ళే. ఛాయాదేవి వంగి ఒకటి పీకబోతే సంపూర్ణమ్మ సైకిలు పడేసి పరుగెత్తింది.

"పీకొద్దక్కా! ముల్లు ఉన్నంతసేపూ దాని కన్నం అదే మూసుకుని ఉంటుంది. గాలి నిదానంగా దిగుతుంది. ఇంటిదాకా పోవచ్చు. పీకావంటే నిలబడ్డచోటే పోతుంది."

"అమ్మో, ఎంత తెలివే నీకు!" అని ఛాయాదేవి ఆ పిల్ల బుగ్గ గిల్లింది. అందరూ విన్నారు. ముళ్ళతోనే ఊళ్ళోకి చేరారు.

పెద్ద మండువా ఇల్లు. వరండాలో చాపలు పరిచారు. ఇత్తడి గ్లాసుల్లో మజ్జిగ ఇచ్చారు, సంపూర్ణమ్మకి కూడా. ఆ ఇంటి పెద్దావిడ చాప కొస నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కరినీ పలకరిస్తూ వచ్చింది. ఎవరింటి కోడలు, ఎవరి మేనకోడలు, ఇంటిపేరేమిటి. చుట్టరికాలు కలుస్తున్నాయి, నవ్వులు. ఆఖరున సంపూర్ణమ్మ దగ్గరకు వచ్చింది.

"నువ్వెవరింటి పిల్లవమ్మా?"

"మాది పటమటండీ. మా నాన్న పేరు కృపానందం."

పెద్దావిడ ఆ పేరు ఒకసారి నోట్లోనే అనుకుంది. పిల్ల నుదుటి మీది బొట్టు చూసింది, చేతిలో గ్లాసు చూసింది. తర్వాత ఛాయాదేవి వైపు తిరిగింది.

"ఏమ్మా ఛాయా, ఈ పిల్ల మీతోనా?"

అవునంటే చాలు. ఒక్క మాట. సంపూర్ణమ్మ అక్క ముఖంలోకే చూస్తోంది. ఆ అక్క మాత్రం మజ్జిగ గ్లాసులోకి చూసింది.

"సైకిళ్ళు చూసుకోడానికి తీసుకొచ్చామండీ" అంది.

సీటు వెనక చెయ్యి ఎప్పుడు వదిలేశారో తొక్కేవాళ్ళకి తెలియదు చూడు, అలా ఉంది ఆ పిల్లకి. మిగతా పది మందీ ఉన్నారక్కడ. మోకాళ్ళకి పసుపు రాయించుకున్నవాళ్ళు. ఒక్కరు నోరు మెదిపితే ఒట్టు.

"అట్లా చెప్పవేం మరి!" అంది పెద్దావిడ, తేలిగ్గా ఊపిరి తీసుకుని. "బుల్లెమ్మా, ఆ గ్లాసు విడిగా పెట్టు. ఈ అమ్మాయికి గొడ్ల పాక దగ్గర ఆకు వెయ్యి." మళ్ళీ సంపూర్ణమ్మ వైపు తిరిగి, "సైకిళ్ళు చూసుకోడానికి వచ్చినదానివి ఊరికే కూర్చున్నావేం? ఆ టైర్ల నిండా ముళ్ళు, కనబడట్లా?" అంది.

"అవును సంపూర్ణా," అంది ఛాయాదేవి గబగబా, ఆ మాట ఎలాగైనా దాటిపోతే చాలన్నట్టు. "మేం భోంచేసేలోగా ఆ ముళ్ళు పీకెయ్."

సంపూర్ణమ్మ లేచి మెట్లు దిగి, తిరిగి చూసింది.

"పీకమంటారా అండీ?"

అండీ అన్న మాట ఛాయాదేవికి తగిలిందో లేదో. "ఆఁ, పీకెయ్."

"అన్నీనా అండీ?"

"అన్నీ!" అంది పెద్దావిడే. "ముళ్ళలో ముహూర్తం చూస్తావా ఏంటి?"

లోపల విస్తళ్ళు వేశారు. గారెలు, మామిడికాయ పప్పు, పులిహోర వాసన బయటికొస్తోంది. సంపూర్ణమ్మ కొట్టం గోడకి ఆనించిన సైకిళ్ళ దగ్గర కూర్చుంది. ఒక్కొక్క టైరూ తిప్పుతూ, ఒక్కొక్క ముల్లూ గోటితో పట్టుకుని పీకింది. పీకినప్పుడల్లా సన్నగా, పిల్లిపిల్ల బుసకొట్టినట్టు గాలి. తండ్రి నూనె వేసిన ఆరు సైకిళ్ళకి వచ్చేసరికి చెయ్యి ఆగింది. కాసేపు ఊరికే చక్రం తిప్పింది. అన్నీ అన్నారు కదా. వాటివీ పీకింది. తన రాడ్డు సైకిలు మాత్రం ముట్టుకోలేదు.

బుల్లెమ్మ ఆకులో అన్నం తెచ్చింది. ఆ ఇంట్లో పాచిపని చేసే ముసలిది.

"తిను తల్లే. ఏ పేట మీది?"

చెప్పింది.

"మన పిల్లవే! మరి ఈ బొట్టేంటే?"

"పెట్టారు."

"పెట్టినోళ్ళే తుడుస్తార్లే. ముందు కూడు తిను. కూడు మీద అలిగితే ఎవరికే నష్టం?"

సంపూర్ణమ్మ తినలేదు. బొట్టు తనే తుడుచుకుంది, పమిట చెంగుతో. పంపు, సొల్యూషను, అతుకులు, ఆకురాయి అన్నీ అరుగు మీద వరసగా పెట్టింది, సామాను కూడా పట్టుకుపోయిందని రేపు అనకుండా. పట్టీ విప్పి, మడత పెట్టి పంపు కింద ఉంచింది. ఏరిన ముళ్ళు బుల్లెమ్మనడిగి తీసుకున్న ఖాళీ ఆకు దొప్పలో పోసి పక్కన పెట్టింది.

"చెప్పమ్మా, పీకమన్నవన్నీ పీకానని" అని బుల్లెమ్మతో చెప్పి, ముళ్ళతోనే ఉన్న తన సైకిలెక్కి వెళ్ళిపోయింది.

పెనమలూరు వరకూ మోసింది ఆ గాలి. అక్కడినుంచి పటమట దాకా నడిపించుకుంటూ వచ్చింది. చెరుకు బళ్ళ వాళ్ళు గుర్తుపట్టి, "మిగతా అమ్మలేరీ?" అని అడిగారు.

మిగతా అమ్మలు భోంచేసి, తాంబూలం వేసుకుని బయటికొచ్చేసరికి ఇరవై రెండు చక్రాలూ నేలకి అతుక్కుపోయి ఉన్నాయి. పంపుంది, అతుకులున్నాయి, వెయ్యడం వచ్చిన చెయ్యి లేదు. ఆ ఊళ్ళో సైకిలు కొట్టూ లేదు. పొద్దువాలేదాకా కూర్చుని, మినపపొట్టు తోలే ట్రాక్టరు తొట్టిలో, సైకిళ్ళ మధ్య ఇరుక్కుని బెజవాడ చేరారు. ఒళ్ళంతా దురద.

మర్నాడు ఆ పదకొండు సైకిళ్ళూ కృపానందం కొట్టుకే వచ్చాయి. పొద్దంతా తండ్రీ కూతుళ్ళు ఎదురెదురుగా కూర్చుని బేసిన్లో ట్యూబులు ముంచారు. ఎక్కడ చూసినా బుడగలే.

"ముళ్ళు నువ్వే పీకావా?"

"పీకమన్నారు నాన్నా."

"పీకకూడదని చెప్పలేదా?"

"పొద్దున చెప్పా."

కృపానందం నేను ముందే చెప్పానని అనలేదు. ఆ మాట అని ఉంటే బాగుండేదట ఆ పిల్లకి. ఆఖరి ట్యూబు పక్కన పెట్టి, "నీ సైకిలు ఇటు తే, వేస్తాను" అన్నాడు.

"దాన్ని ఉండనీ."

వారం తర్వాత ఛాయాదేవి వచ్చింది. రిక్షాలో. పంపూ, ఆ నీలం పట్టీ తెచ్చింది.

"ఆ ఇంట్లో నేనేం అనగలను చెప్పు? మా అత్తగారి తరఫు వాళ్ళు. నాకు మాత్రం బాధ లేదా? అయినా సంపూర్ణా, అంత పని చేస్తావా? పీకితే గాలి పోతుందని నాకు చెప్పొచ్చుగా!"

"చెప్పానండీ. మీరు అక్కగా ఉన్నప్పుడు చెప్పాను."

ఛాయాదేవి పంపు గోడకి ఆనించింది. పట్టీ పీట మీద పెట్టి రిక్షా ఎక్కింది. సంపూర్ణమ్మ ఆ పట్టీతో గొలుసు మడ్డి తుడిచేది. మంచి గుడ్డ, చాలా కాలం వచ్చింది.

ఇక్కడితో అయిపోతే కాస్త తియ్యగా ఉండేదేమో. అవలేదు. ఇళ్ళల్లో మగవాళ్ళకి సాకు దొరికింది. చూశారా, ఆడవాళ్ళకి సైకిళ్ళెందుకంటే విన్నారా అని. ఆ పదకొండు మందిలో మళ్ళీ సైకిలెక్కినవాళ్ళు లేరు. చలిలో పరుగెత్తి నేర్పిన చదువంతా ఒక్క మధ్యాహ్నంతో పోయింది. అది తెలిసిన రోజు సంపూర్ణమ్మ అన్నం ముందు కూర్చుని చెయ్యి కడిగేసుకుందట. తర్వాత పేటలో ఆడపిల్లలు వచ్చి నేర్పమన్నా, "పడండి, మీరే నేర్చుకోండి" అనేది. ఎవరి సీటూ పట్టుకోలేదు. ముసలిదై పోయేదాకా పంక్చర్లు వేసింది, నవ్వకుండా.

ఆ అమ్మల ఇళ్ళల్లో పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ ఈ కథ చెప్పుకుంటూనే ఉన్నారు. "సైకిళ్ళు చూసుకోడానికి ఓ పిల్లని తీసుకెళ్ళాం, మొద్దు, ఏం చేసిందో తెలుసా" అని మొదలుపెడతారు. ముళ్ళ దాకా వచ్చేసరికి అందరూ పడీ పడీ నవ్వుతారు. పేరు మాత్రం ఎవరికీ గుర్తుండదు.

అందుకే నిన్ను కూర్చోబెట్టి చెప్పాను. రేపు నీ పిల్లలకి చెప్పు, అడిగినవాళ్ళకి చెప్పు, అడగనివాళ్ళకీ చెప్పు. మిగతా పేర్లు మర్చిపోయినా ఫరవాలేదు. సైకిళ్ళు చూసుకోడానికి వచ్చిన పిల్ల అని మాత్రం అనకు. నేర్పిన పిల్ల అను. సంపూర్ణమ్మ అను. ఏదీ, ఒకసారి నాకు చెప్పు వింటాను.