ముప్పై నిండాక వచ్చిన వీసా

సంగటి కెలుకుతుండగా ఫోను మోగింది. పిండి ఉండలు కట్టే సమయం, చెయ్యి తీస్తే అడుగంటుతుంది. అయినా తీశాను. కువైట్ నుంచి మా ఆయన ఉమామహేశ్ పొద్దుటి పూట ఎప్పుడూ చెయ్యడు. ఏం కొంప మునిగిందోనని భయపడ్డాను.

"ఏమ్మే, ఈ పొద్దు నీ పుట్టినరోజు గదా. బాగుండావా?" అన్నాడు.

పెళ్లయి ఆరేళ్లు. ఆ నోటి నుంచి ఆ మాట రావడం అదే మొదటిసారి. నాకే గుర్తులేని రోజు అతనికి గుర్తుంది. నేనొక పిచ్చిదాన్ని, కళ్లలో నీళ్లు తిరిగాయి. "ముప్పై నిండినాయి గదా?" అన్నాడు. ఊఁ అన్నాను. "ఆధార్‌లో గూడా ఇదే తేదీ ఉండాది గదా?" అన్నాడు. పుట్టినరోజుకు ఆధార్ కార్డుతో ఏం పనని నాకప్పుడు తోచలేదు. ఆరేళ్లకు ఒక ముద్ద దొరికిన దానికి, అందులో రాయి ఉందేమోనని చూసుకునే తీరిక ఎక్కడిది?

సంగటి మాడింది. "మొగుని గొంతు వింటే ఒళ్లు తెలీదు ఈమెకు," అని మా అత్త నాగలక్ష్మమ్మ మధ్యాహ్నం దాకా సణుగుతూనే ఉంది. ఆ రోజు మాత్రం నాకు కోపం రాలేదు.

నాకు కావలసింది పెద్ద కోరికేమీ కాదు. అతనూ నేనూ ఒక గదిలో ఉండాలి. ఒక బిడ్డ పుట్టాలి. ఆరేళ్లలో అతను మూడుసార్లు వచ్చాడు, వచ్చిన ప్రతిసారీ రెండు నెలలు. అంటే నా కాపురం వయసు ఆరు నెలలు. అందులోనూ సగం రోజులు చుట్టాలతో, స్నేహితులతో పోయాయి. కడుపు పండలేదేమని ఊళ్లో అందరూ అడిగేది నన్నే. మొగుడు కువైట్‌లో, పెళ్లాం కడప దగ్గర పల్లెలో ఉంటే కడుపెలా పండుతుందని ఒక్కరికీ అనుమానం రాదు. అందుకే ఏడాదిగా అతని వెంటపడి ఉన్నాను, నన్ను పిలిపించుకోమని. నేను బీఎస్సీ, బీఈడీ చదివాను. పెళ్లికి ముందు నుంచీ కడపలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. అత్తకు మోకాలి ఆపరేషన్ అయినప్పుడు "నాలుగు నెల్లు మానుకో" అన్నారు. ఆ నాలుగు నెలలు ఇప్పటికీ తీరలేదు. చదివిన చదువు ఇంకెక్కడా పనికిరాక, వీసాల గురించి తెలుసుకోవడానికి పనికొచ్చింది. ఏ దారికి ఏం కావాలో ఒక నోటుబుక్కులో రాసుకున్నాను. అతను అరబ్బుల ఇంట్లో డ్రైవరు. ఇంటి పనివాళ్లకిచ్చే వీసా అతనిది. దాని మీద భార్యను పిలిపించుకోవడం కుదరదు. ఏదైనా కంపెనీ వీసాకు మారాలి, జీతం వాళ్లు చెప్పినంత ఉండాలి, అప్పుడు ఫ్యామిలీ వీసా. రెండు మూడేళ్లు పట్టొచ్చు. పట్టనీ, ఆగుతానన్నాను. వీటన్నిటికంటే ముందు మా పెళ్లి రిజిస్టర్ చేయించాలి. గుళ్లో తాళి కట్టి, ఊరంతటికీ భోజనం పెట్టారు గానీ ఆఫీసుకు పోయి సంతకం పెట్టిన వాళ్లు లేరు. నా పాస్‌పోర్టులో ఇప్పటికీ మా నాన్న పేరొక్కటే ఉంది. ఎప్పుడడిగినా "వచ్చినప్పుడు చూస్తాం లే" అనేవాడు. వచ్చినప్పుడు "వచ్చేసారి" అనేవాడు.

పుట్టినరోజైన వారానికి ఓబుళేశు బండి మీద వచ్చాడు. కడపలో ఏజెంటు. మా చుట్టుపక్కల ఊళ్ల నుంచి కువైట్‌కు పోయే మనుషుల్లో చాలామంది కాగితాలు అతని చేతి మీదుగానే వెళ్తాయి.

"శివజ్యోతమ్మా, నీ వీసా వచ్చినట్టే అనుకో. మీ ఆయన అంతా మాట్లాడినాడు."

"ఫ్యామిలీ వీసానా అన్నా?"

"అదెట్లొస్తాదమ్మా? ఖద్దామా."

ఖద్దామా అంటే ఇంటి పనిమనిషి. మా వైపు ఆ మాట తెలియని పసిపిల్లలు కూడా ఉండరు. మా వీధిలోనే నలుగురు ఆడవాళ్లు ఆ వీసా మీద పోయి ఇళ్లు కట్టుకున్నారు, పిల్లల్ని చదివించుకున్నారు. వాళ్లను నేనెప్పుడూ తక్కువగా చూడలేదు. కానీ వాళ్లు ఏ పనికి పోతున్నారో వాళ్లకు తెలిసే పోయారు.

నేను తేరుకోలేదని కాబోలు, ఓబుళేశు ఓదార్పుగా చెప్పాడు. "ముప్పై నిండందే మన గవర్నమెంటోళ్లు ఆడోళ్లను ఆ పనికి పంపరమ్మా. అందుకే మీ ఆయన ఇన్ని దినాలు ఓపిక పట్టినాడు."

అప్పుడు అర్థమైంది నాకు నా పుట్టినరోజు. కోడెదూడ కాడికి వచ్చేదాకా పళ్లు చూసుకుంటూ కూర్చునే రైతులాగా, నా వయసు కోసం కూర్చున్నాడు. నేను దానికి కన్నీళ్లు పెట్టుకున్నాను. అతని మీద వచ్చిన కోపం కంటే నా మీద నాకు వచ్చిన సిగ్గే ఎక్కువ.

ఆ సాయంత్రం నేనే ఫోను చేశాను.

"పేరుకే మే," అన్నాడు. "కాగితం మీదనే పనిమనిషివి. ఇద్దరమూ ఒకే ఇంట్లో ఉంటాం. నువ్వడిగింది అదే గదా?"

"ఆడ వంట ఎవరు జెయ్యల్ల?"

"నువ్వే. పేరుకంటే... పని జెయ్యల్సిందే గదా."

"పండుకునేది యాడ?"

"నీకు పైన రూము. ఇంగా ఇద్దరు ఆడోళ్లు ఉంటారు, మంచోళ్లు. నాది గేటు కాడ."

"నేను నీ పెండ్లామని మీ మేడమ్‌కు తెలుసా?"

ఎవరో వింటారన్నట్టు గొంతు తగ్గించాడు.

"మొగుడూ పెండ్లాలను పెట్టుకోదంట మే. కడుపొస్తే మళ్లా పంపియ్యల్ల గదా అని. అందుకే... మా చిన్నాయన కూతురని చెప్పినా. చెల్లెలు వరస. నీ పాస్‌పోర్టులో నా పేరు లేకపోవడం మంచిదే అయింది సూడు."

నేను ఫోను పెట్టేశాను. వరండాలో మా అత్త కాళ్లు చాపుకుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ఆమెకు ఈ సంగతంతా నాకంటే ముందే తెలుసట. నేను పోతే తనకూ మామకూ వండేదెవరని కొడుకును మొదట అడిగిందట. ఇద్దరి జీతాలు వస్తాయి కాబట్టి ఇక్కడ ఒకామెను నెల జీతానికి పెట్టుకుందామని చెప్పాడట, ఒప్పుకుందట.

"యాడైతే ఏం మే? గిన్నెలు గిన్నెలే. ఈడ తోమేటివి ఆడ తోము," అంది.

"నేను మీ కొడుకుకు చెల్లెల్నని చెప్పినాడంట అత్తా ఆడ."

"ఛీ, అయ్యేం మాటలు? నోట్లో పురుగులు పడతాయి. ఇంగోసారి ఆ మాట అనొద్దు," అని నా మీదే మండిపడింది. అన్న వాడిని కాదు, వినిపించిన నన్ను.

ఆ రాత్రంతా నేను ఏడవలేదు, ఆలోచించాను. పేరుకే పనిమనిషి అంటున్నాడు. మరి ఈ ఆరేళ్లూ ఇక్కడ నేనేమిటి? పేరు భార్య. పని, తెల్లవారుజామున వాకిలి ఊడ్చడం మొదలు మామకు మందులిచ్చి, అత్త కాళ్లకు నూనె పట్టేదాకా. నేను లేకపోతే నా స్థానంలో ఎవరిని పెట్టాలో వాళ్లకు వెంటనే తోచింది, ఒక పనామెను. ఇంకెవరూ అవసరం కాలేదు. నేను పోతే ఈ ఇంట్లో భార్య అనే ఖాళీ ఏర్పడదు. అంతమాత్రం తెలుసుకోవడానికి నాకు ఆరేళ్లు పట్టింది. బిడ్డ కావాలని నేను అడిగిన దారిలో, బిడ్డ పుట్టకూడదన్నదే మొదటి షరతు. అది తెలిసే అతను ఒప్పుకున్నాడు. కష్టం అంటే పడతాను, నాకు కష్టం కొత్త కాదు. కానీ గేటు దగ్గర నిలబడ్డ మొగుణ్ణి పది మందిలో అన్నా అని పిలవమంటున్నాడు. అడిగేటప్పుడు గొంతు కూడా వణకలేదు.

పొద్దున్నే కడపలో నేను పనిచేసిన స్కూలుకు ఫోను చేశాను. పాత హెడ్‌మిస్ట్రెస్సే ఉంది. తొమ్మిది, పది తరగతులకు లెక్కల టీచరు కావాలంది. స్కూలు పక్కనే ఆడవాళ్ల హాస్టల్లో గది దొరుకుతుందని చెప్పింది. సోమవారం వస్తానన్నాను. ఇంట్లో ఎవరినీ అడగలేదు. అడగకుండా ఒక పని చేసి ఎన్నాళ్లయిందో.

శనివారం ఓబుళేశు ఫారం పట్టుకుని వచ్చాడు. అంతా అతనే నింపేశాడు, నేను సంతకం పెడితే చాలట. మా అత్త కూడా వచ్చి గడపలో నిలబడింది. ఫారం ఇంగ్లీషులో, అరబ్బీలో ఉంది. నేను చదువుతానని అతను అనుకున్నట్టు లేదు. చదువు దగ్గర ఐదో తరగతి అని ఉంది.

"శానా సదివినోళ్లంటే మేడమ్‌లు ఒప్పుకోరమ్మా," అన్నాడు నసుగుతూ.

అతని జేబులోని పెన్ను అడిగి తీసుకున్నాను. ఐదో తరగతి కొట్టేసి బీఎస్సీ, బీఈడీ అని రాశాను. వృత్తి దగ్గర పనిమనిషి కొట్టేసి టీచరు అని రాశాను. కువైట్‌లో ఉన్న బంధువు దగ్గర అన్న అని ఉంటే, గీత మీద గీత గీశాను.

"ఏం జేస్తాండావమ్మా? ఇట్లయితే వీసా రాదు," అన్నాడు కంగారుగా.

"రాకపోనీ అన్నా. నేను సోమవారం కడపకు పోతాండా, స్కూల్లో చేరేకి. ఈ ఫారం ఫోటో తీసి కువైట్‌లో ఉండే మీ వాడికి పంపు."

ఓబుళేశుకు కోపం వచ్చినట్టుంది. కాగితం చేతిలోకి తీసుకుని పైనుంచి కిందికి చూశాడు. వేలితో ఒకచోట తట్టాడు.

"అన్నీ కొట్టేసినావు గదా, ఇది మాత్రం ఎందుకు ఇడిసినావు? పెండ్లి కాలేదని రాసినా ఈడ. ఇది గూడా కొట్టెయ్."

"అది ఉండనీ అన్నా," అన్నాను పెన్ను మూత పెట్టి అతనికిస్తూ. "ఈ కాగితంలో నువ్వు నిజం రాసింది అదొక్కటే."