మూడో నీళ్ళు

పెళ్ళయి ముప్పై ఒక్క రోజులు. ఉదయం పది దాటి పది నిమిషాలకు మా ల్యాబు కిటికీ కింద ట్రాము మలుపు తిరుగుతుంది. నడిపేది మా ఆయన మెల్కెర్ అయితే గంట రెండుసార్లు మోగుతుంది. ఒకటి రూలు ప్రకారం. రెండోది నాకు.

"మళ్ళీ కొట్టాడు," అన్నాడు ఫర్జాద్, మైక్రోస్కోపు మీంచి తల ఎత్తకుండా. "మా పన్ను డబ్బుల్తో మీ సరసాలు."

"నీకు కుళ్ళు."

"కుళ్ళే మరి. నాకోసం సైకిలు బెల్లు కొట్టే మనిషి కూడా లేదు."

లోపలి గదిలోంచి గున్వోర్ గొంతు వినిపించింది. "ఆ పెళ్ళికూతురి చేతికి ఏదైనా పని ఇవ్వండర్రా! లేకపోతే సాయంత్రం దాకా ఆ కిటికీ దగ్గరే ఉంటుంది."

నేను కిటికీ వదిలి వచ్చాను. నవ్వు మాత్రం రాత్రి పడుకునేదాకా వదలదు. ఈ మధ్య నా పరిస్థితే అది. తలుపు మీద ఇద్దరి పేర్లు చూసినా నవ్వే, గ్లాసులో రెండు బ్రష్షులు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నా నవ్వే.

గున్వోర్ మా ప్రొఫెసరు. అరవై ఏడేళ్ళు. జూన్‌లో స్వీడన్‌వాళ్ళ నడివేసవి పండగ దాటగానే రిటైరవుతుంది. ఇరవై ఆరేళ్ళ వయసులో చుట్టుపక్కల సరస్సుల్లో పైక్ చేపలు పట్టుకొచ్చి, వాటి ముక్కు నుంచి మెదడుకు వెళ్ళే నరంలో సరుకు ఎలా ప్రయాణం చేస్తుందో చూడడంతో మొదలుపెట్టింది. ఆ చేపకు ఆ నరం బాగా పొడుగు. పరిశోధన అయ్యాక మిగతా చేపను వెన్నలో వేయించుకు తినేవాళ్ళమంటుంది. నరాల శాస్త్రంలో ఆమెకు పెద్ద పేరు వచ్చింది. నలభై నాలుగో ఏట అదంతా వదిలేసి, వెంట్రుక మందంలో వెయ్యో వంతు ఉండే రేణువులు ఒంటికి ఏం హాని చేస్తాయో చూస్తానని ఈ వైపు వచ్చేసింది. మతిపోయిందా అన్నారట అందరూ.

కారణం ఒకసారి నాకు చెప్పింది. వాళ్ళ నాన్న గోథెన్‌బర్గ్ ఓడల కార్ఖానాలో ముప్పై ఏళ్ళు వెల్డింగు చేశాడు. రిటైరయ్యాక ఒకరోజు వంటింట్లో కాఫీ మాడి ఇల్లంతా పొగ కమ్ముతుంటే, పొయ్యి వైపు వీపు పెట్టుకుని కూర్చుని నింపాదిగా పేపరు చదువుతున్నాడట. వాసనే తెలియలేదు. తర్వాత చేతులు వణకడం మొదలైంది. వెల్డింగులో ఆయన పీల్చిన పొగలోని రేణువులు ముక్కు దగ్గరే ఆగిపోయాయా, నరం పట్టుకుని లోపలికి వెళ్ళాయా? ఇరవై మూడేళ్ళుగా గున్వోర్ ప్రశ్న అదొక్కటే.

జవాబు ఇప్పుడు దొరికింది. రేణువులకు ఎర్ర రంగు అంటించి, గాజు పళ్ళెంలో పెంచిన నరాల కణాల మీద పోస్తాం. ఎరుపు ఎక్కడ కనిపిస్తే రేణువు అక్కడున్నట్టు. నేను పెళ్ళి సెలవు నుంచి తిరిగి వచ్చిన రోజే ఫర్జాద్ మైక్రోస్కోపులో తీసిన బొమ్మ చూపించాడు. గంట గడిచేసరికి ప్రతి కణం లోపలా ఎరుపే. గున్వోర్ స్టూలు మీంచి లేచి, కోట్లు తగిలించే చోటికి వెళ్ళి, మాకు వీపు పెట్టి చాలాసేపు ముక్కు తుడుచుకుంది.

ఆ బొమ్మతో వ్యాసం సిద్ధమైంది. ఆమె చివరి వ్యాసం. బుధవారం పొద్దున తొమ్మిదిన్నర కాఫీకి అందరం చుట్టూ నిలబడితే బటను నొక్కి పత్రికకు పంపుతానంది.

మంగళవారం ఉదయం నాకు ఒక చిన్న పని అప్పగించింది. "రేణువుల్ని ఎలా కడిగావో ఒక పేరా రాసిచ్చెయ్యి. నీ నోటుబుక్కులో ఉంటుందిగా."

ఉంటుంది. రేణువుకు అంటుకోకుండా మిగిలిపోయిన రంగును కడిగెయ్యాలి. అందుకని రేణువుల్ని, రంగు మాత్రమే బయటికి జారే సన్నటి పొర సంచిలో పోసి నీళ్ళలో వేలాడదీస్తాం. రోజుకొకసారి చొప్పున మూడుసార్లు నీళ్ళు మారుస్తాం. మార్చినప్పుడల్లా నోటుబుక్కులో ఒక గడిలో టిక్కు పెట్టాలి. పేజీ తీశాను. మొదటి గడిలో టిక్కు, రెండో గడిలో టిక్కు. మూడో గడిలో చిన్న గుండె బొమ్మ, దాని మధ్య 'మె' అన్న అక్షరం.

తేదీ చూశాను. పెళ్ళికి రెండు రోజుల ముందు. ఆ మధ్యాహ్నం పూల కొట్టువాళ్ళు ఫోన్ చేశారు, తులిప్‌లు తెల్లవి లేవు, పసుపువి ఇవ్వమంటారా అని. మాట్లాడుతూ బొమ్మ గీశాను. తర్వాత కోటు వేసుకుని పరిగెత్తాను. నీళ్ళు మార్చానా? ఎంత తలుచుకున్నా పసుపు తులిప్‌లే గుర్తొస్తున్నాయి.

ఫ్రిజ్‌లో ఆ రేణువులు కొన్ని మిగిలి ఉన్నాయి. గొట్టంలో పోసి సెంట్రిఫ్యూజ్‌లో పెట్టి తిప్పాను. రేణువులు అడుగుకు చేరితే పైన నీళ్ళు కుళాయి నీళ్ళలా ఉండాలి. గొట్టం వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాను. గులాబీ రంగు.

ఆ పై నీళ్ళను మాత్రమే, ఒక్క రేణువు కూడా లేకుండా, కొత్త కణాల మీద పోశాను. గంటసేపు మైక్రోస్కోపు పక్కనే కూర్చున్నాను. కింద ట్రాము గంట రెండుసార్లు మోగింది. నాకు లేవబుద్ధి కాలేదు. గంట తర్వాత చూస్తే ప్రతి కణంలోనూ అదే ఎరుపు. లోపలికి వెళ్ళింది రేణువులు కావు, నేను కడగని రంగు.

అప్పుడే చెప్పాల్సింది. గున్వోర్ తలుపు దాకా వెళ్ళాను. లోపల ఆమె తన వ్యాసం తనకే వినిపించేలా చదువుకుంటోంది. తిరిగి వచ్చేశాను.

ఇంటికి వెళ్ళి మెల్కెర్‌కు అంతా చెప్పాను. షూ విప్పుతూ విన్నాడు.

"తప్పు చేస్తే మీ దగ్గర కేకు కదా?"

అవును. అది గున్వోర్ పెట్టిన పద్ధతి. తప్పు చేసినవాళ్ళు ఇంట్లో కేకు చేసి తేవాలి. కొన్నది చెల్లదు. అందరి ముందూ నిలబడి తప్పు చెప్పాకే కత్తి పెట్టాలి. తప్పు ఎంత పెద్దదైతే కేకు అంత పెద్దది. ఫ్రీజరు తలుపు తెరిచి వదిలేసినందుకు ఫర్జాద్ రెండు పొరలది చేసుకొచ్చాడు.

"దీనికి కేకు సరిపోదు మెల్కెర్. ఆమె జీవితమంతా..."

"సరిపోకపోతే పోయింది. ఉత్త చేతుల్తో వెళ్ళి ఏడుస్తావా?" అంటూ చొక్కా చేతులు మడిచాడు. "ఆకుపచ్చ ప్రిన్సెస్ కేకు చేద్దాం, పైన చక్కెర గులాబీ పువ్వుతో. మూడు పొరలు. మూడో నీళ్ళు మర్చిపోయావు సరే, మూడో పొర మాత్రం మర్చిపోకు."

ఏడుస్తూనే నవ్వాను. క్రీము గిలకొడుతుంటే అతని కనుబొమ్మకు అంటింది. చెప్పలేదు. అలాగే బాగున్నాడు.

బుధవారం తొమ్మిదిన్నరకు గున్వోర్ కంప్యూటరు తెచ్చి కాఫీ బల్ల మీద పెట్టింది. నా కేకు చూసి ఫర్జాద్ చప్పట్లు కొట్టాడు. "అబ్బో! పెళ్ళికి కూడా ఇంత మంచిది పెట్టలేదు మాకు!"

"నాకోసమేనా?" అంటుంటే గున్వోర్ ముఖం వెలిగిపోయింది. కత్తి అందుకుంది.

"కొయ్యొద్దు," అన్నాను. గొంతు పెద్దగా వచ్చింది. "ఇది తప్పు కేకు."

కత్తి గాల్లోనే ఆగింది. లేచి నిలబడి అంతా చెప్పాను. ఫోను, తులిప్‌లు, గుండె బొమ్మ, గులాబీ నీళ్ళు. ఎవరూ కాఫీ ముట్టుకోలేదు.

గున్వోర్ ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. "ఆ పళ్ళెం ఇంకా ఉందా?"

"ఉంది."

కత్తి బల్ల మీద పెట్టి మైక్రోస్కోపు గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. మేము కూర్చునే ఉన్నాం. ఆకుపచ్చ కేకు చెక్కుచెదరకుండా బల్ల మధ్యలో ఉంది.

"ఒక్క ముక్క..." అన్నాడు ఫర్జాద్ మెల్లగా. నేను చూసిన చూపుకు, "ఏం లేదు, ఏం లేదు," అన్నాడు.

నలభై నిమిషాలకు గున్వోర్ తలుపు తీసింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఏడ్చిందో, మైక్రోస్కోపులో చూసి చూసి అలా అయ్యాయో.

"ఇలా రా పిల్లా."

కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. కింద కొండ ఎక్కుతూ ట్రాములు వస్తున్నాయి.

"నరంలో సరుకు ఎలా వెళ్తుందో నాకు చేపలు చూపించాయి. మూటలు మూటలుగా వెళ్తుంది, మీ ఆయన ట్రాముల్లా. ఒకటి, కాస్త ఎడం, ఇంకొకటి. రేణువులు వెళ్ళి ఉంటే ఎరుపు చుక్కలు చుక్కలుగా కనబడాలి. మన బొమ్మలో ఎలా ఉంది?"

"అంతటా ఒకేలా పరుచుకుని ఉంది."

"నీళ్ళలో కలిపిన పళ్ళరసంలా. భూమ్మీద ఆ తేడా ఒక్క చూపులో పట్టాల్సిన మనిషి ఎవరైనా ఉంటే అది నేనే. మూడు వారాలు రోజూ చూశాను ఆ బొమ్మను. చూస్తూ మా నాన్నతో మాట్లాడాను." ముక్కు తుడుచుకుంది. "నువ్వు నీళ్ళు మర్చిపోయావు. నేను నా చేపల్ని మర్చిపోయాను. ఏది పెద్ద కేకు?"

కిటికీ వదిలి నా వైపు తిరిగింది.

"నిన్ననే చెప్పాల్సింది నువ్వు."

"అవును."

"ఒక్క రాత్రి హాయిగా నిద్రపోయానులే, నువ్వు చెప్పని పుణ్యమా అని." వెనక్కి తిరిగి గట్టిగా అరిచింది. "ఫర్జాద్! ఆ కంప్యూటరు మూసెయ్. కేకు కొయ్. నాకు పైన గులాబీ పువ్వు ఉన్న ముక్క."

కడగడం ఆ మధ్యాహ్నమే మొదలుపెట్టాం. మూడోసారి నీళ్ళు మార్చే రోజు ఆమె కూడా పక్కన నిలబడింది. మరునాడు గొట్టం తిప్పి ఇద్దరం వెలుతురుకు ఎత్తి చూశాం. పై నీళ్ళు తేటగా, గాజులా ఉన్నాయి. నీళ్ళ రంగు చూశాకే పెడదామని ఆపిన మూడో గడి టిక్కు పెట్టబోతుంటే నా చేతిలోంచి పెన్ను లాక్కుని తనే పెట్టింది.

ఆ రేణువుల్ని కొత్త కణాల మీద పోశాం. గంటకు కణాల్లో ఏమీ లేదు. నాలుగు గంటలకూ లేదు. మరునాడు ఉదయం గున్వోర్ మైక్రోస్కోపు ముందు కూర్చుని, పళ్ళెం అటూ ఇటూ జరుపుతూ, చాలాసేపు చూసింది. ల్యాబులో వేలికి ఉండకూడదని మెడ గొలుసుకు తగిలించుకున్న పెళ్ళి ఉంగరాన్ని నా వేళ్ళు వెతుక్కున్నాయి.

"ఒకటి," అంది.

పళ్ళెం ఇంకొంచెం జరిపింది.

"కాస్త ఎడం. ఇంకొకటి."

పళ్ళెం మొత్తానికి పదకొండు చుక్కలు దొరికాయి. వందల కణాల్లో పదకొండు. మళ్ళీ మళ్ళీ చేసి చూడాలి, ఆమెకున్నది మూడు వారాలు. లేచి తన స్టూలు నాకిచ్చింది. అది ఇంకా వెచ్చగా ఉంది. చీకట్లో ఒక సన్నటి కొమ్మ పొడవునా రెండు ఎర్ర చుక్కలు, ఒకదాని వెనక ఒకటి.

కాఫీ బల్ల మీద ఆ రోజు ఇంకో కేకు ఉంది. చాక్లెట్‌ది, మధ్యలో కుంగిపోయింది, ఒక పక్క మాడింది. గున్వోర్ దాని ముందు నిలబడి మా అందరినీ ఒకసారి చూసింది. ఫర్జాద్ చెయ్యి కత్తి వైపు వెళ్తుంటే మణికట్టు మీద ఒక్కటిచ్చింది.

"ముందు తప్పు," అంది. "ఒక ఊళ్ళో కొన్ని పైక్ చేపలుండేవి..."

కింద ట్రాము గంట రెండుసార్లు మోగింది. ఈసారి ఆమె కూడా నాతోపాటు కిటికీ వైపు చూసి, ఆ మోత అయ్యేదాకా ఆగి, మళ్ళీ చెప్పడం మొదలుపెట్టింది.