మూడో చుట్టు

2023 జూలై 18, మంగళవారం. ముమ్మిడివరం వైపు మూడు రోజులుగా వదలని ముసురు. దండెం మీది బట్టలు ఆరకుండానే వాసన వేస్తున్నాయి.

సరోజిని ఆ పొద్దున్న కూడా వదిన సత్యవాణి దిగులు తీసింది. రోజూ ఉండే పనే. గుప్పిట్లో రాళ్ళ ఉప్పు పట్టుకుని మనిషి చుట్టూ మూడుసార్లు తిప్పితే, దిష్టి పోయినట్టే, మనసులోది ఉప్పులోకి దిగిపోతుంది. కోపమైతే గుప్పిట చురుక్కుమంటుంది. దిగులైతే ఉప్పు నీరు కారుతుంది. ఆ ఉప్పు పారే కాలవలోనే వెయ్యాలి. ఒకసారి మోకాళ్ళ నొప్పులతో అంతదూరం నడవలేక ఇంటి వెనక రొయ్యల చెరువులో వేసేసింది. నాలుగు రోజులు రొయ్యలు మేత ముట్టలేదు. పక్క చెరువు సత్తియ్య గట్టు మీద నిలబడి, "ఎవరి దిగులండీ ఇది? గట్టిదేనండోయ్!" అనేసి వెళ్ళిపోయేడు. సర్లెండి, అది వేరే సంగతి.

భర్త పోయి, ఇరవై రెండో ఏట అన్న బుల్లిరాజు ఇంటికి వచ్చింది సరోజిని. ఇప్పుడు అరవై మూడు. ఇంటిల్లిపాదికీ తీసేది తనే. తీసిన ప్రతిసారీ ఒంట్లో ఓపిక కొంచెం పోయేది. తనది తాను తీసుకోకూడదు. తీస్తామని ఎవరూ అనలేదు. పాపం, వాళ్ళకి తోచలేదు.

బుల్లిరాజుని ఇక ఇంటికి తీసుకుపొమ్మని డాక్టరు చెప్పి పదిరోజులైంది. వీలునామా రాయడానికి దస్తావేజుల నూకరాజు వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. సరోజినికి ఒకటే ఆశ. పెరటివైపు తనుండే గది తన పేర రాస్తే చాలు. అన్న కొడుకు సురేంద్ర దాన్ని పడగొట్టి రొయ్యల మేత బస్తాలకి షెడ్డు వేస్తానని అప్పుడే కొలతలు తీసుకున్నాడు.

ఇంతలో బుల్లిరాజు మంచం మీంచి పిలిచేడు.

"గుండెల్లో ఏదో గుచ్చుతోందే సరోజినీ. తీసెయ్."

"కోపమా అన్నయ్యా?"

"కోపం నాకు తెలీదా ఏవిటే! నలభై ఏళ్ళుగా తీయించుకుంటున్నాను. ఇదేదో కొత్తది. నీ మొహం చూస్తే మరీ ఎక్కువవుతోంది."

ఉప్పు తెచ్చింది. మొదటి చుట్టుకి వేడీ లేదు, తడీ లేదు. రెండో చుట్టుకి గుప్పిట నిండు బిందెలా బరువెక్కింది. అప్పుడు తెలిసింది ఆవిడకి. అన్న తన గురించి నొచ్చుకుంటున్నాడు. ఈ నొప్పి ఇంకో గంట ఉంటే గది రాస్తాడు.

చెయ్యి ఆగింది.

"ఆపేవేం? చచ్చిపోతున్నానే తల్లీ!" పసివాడిలా ఏడ్చేడు బుల్లిరాజు.

చెబుదామని నోరు తెరిచింది. ఆశ పడ్డానికైనా ఓపిక ఉండాలి కదండీ. మూడో చుట్టు కూడా తిప్పేసింది.

బుల్లిరాజు మొహం తేటపడింది. "అమ్మయ్య! నూకరాజుగారూ, రండి, రాసేద్దాం."

"ఆయ్, వస్తున్నానండీ!"

ఆ బరువు రెండు చేతులా పట్టుకుని, వానలో ఆగి ఆగి, సరోజిని కాలవకి వెళ్ళొచ్చేసరికి సంతకాలు కూడా అయిపోయేయి. తొమ్మిదో రోజున బుల్లిరాజు నిద్రలోనే, హాయిగా పోయేడు.

పెద్దకర్మ అయ్యేక నూకరాజు అందరి ముందూ చదివేడు. ఇల్లూ, చెరువూ, కొబ్బరితోటా సురేంద్రకి. వరిచేను కూతురు ఉమాదేవికి. బంగారమూ బ్యాంకులోదీ సత్యవాణికి. పాత స్కూటరు పాలేరుకి. సరోజినికి ఏమీ లేదు. "మరి అత్తకో?" అని ఎవరూ అడగలేదు. అలా అడిగించే నొప్పి ఆ ఇంట్లో ఎవరి దగ్గరా మిగల్లేదు.